కరెంటు పోయి వచ్చాక తాళం వేసిన డిస్క్‌ని సర్వర్ ఎలా తెరవాలి: తిరుపతి డయాగ్నస్టిక్ సెంటర్ ప్రశ్నకు జవాబు

మీరు అడిగినదాంట్లో మూడు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి. అందుకే ముందు మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. బైరాగిపట్టెడలో చిన్న డయాగ్నస్టిక్ సెంటర్, ఒక ఉబుంటు (లినక్స్) సర్వర్. ఓఎస్ మామూలు ఎస్ఎస్‌డీలో ఉంది. రిపోర్టులు, స్కాన్‌లు ఉండే 4 టీబీ డిస్క్‌ని లక్స్‌తో (లినక్స్‌లో డిస్క్‌కి తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేసి, సాంబా (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచే సర్వీస్) ద్వారా అందరికీ షేర్ చేశారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్లి మానిటర్ తగిలించి పాస్‌వర్డ్ కొట్టాలి. మొన్న అలా కొట్టేలోపే స్టాఫ్ స్కాన్‌లు సేవ్ చేసుకుంటూ పోయారు. పాస్‌వర్డ్ కొట్టాక చూస్తే ఆ పూట ఫైళ్లు ఒక్కటీ లేవు. పైగా ఓఎస్ డిస్క్ నిండిపోతోందని హెచ్చరిక. అందుకని పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాసి బూట్‌లో నడిపిస్తే పోలా అని అడుగుతున్నారు.

ముందు టెన్షన్ తగ్గే మాట: ఫైళ్లు పోలేదు.

లినక్స్‌లో డిస్క్‌ని ఒక ఫోల్డర్‌కి తగిలించడాన్ని మౌంట్ చేయడం అంటారు. ఆ మౌంట్ పాయింట్ అంటే మామూలు ఫోల్డరే. డిస్క్ మౌంట్ అయితే అందులో డిస్క్‌లోని ఫైళ్లు కనిపిస్తాయి. మౌంట్ కాకపోతే అది ఓఎస్ డిస్క్ మీద ఉన్న ఖాళీ ఫోల్డర్, రాస్తే రాయించుకుంటుంది. సాంబాకి ఈ తేడా తెలియదు, ఫోల్డర్ ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. కాబట్టి ఆ ఉదయం స్కాన్‌లన్నీ ఓఎస్ ఎస్ఎస్‌డీలోకి వెళ్లాయి. మీ నిండిపోయిన డిస్క్‌కి కారణం కూడా అదే. తర్వాత మీరు మౌంట్ చేయగానే ఆ ఫోల్డర్ మీద అసలు డిస్క్ వచ్చి కూర్చుంది, కింద ఉన్నవి కనిపించకుండా పోయాయి.

బయటికి తీయాలంటే డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి చూడొచ్చు, కానీ సెంటర్ నడుస్తుండగా అది కుదరదు. రూట్ ఫైల్ సిస్టమ్‌ని (ఓఎస్ డిస్క్‌లోని మొత్తం ఫోల్డర్ల చెట్టుని), ఒకే ఫోల్డర్‌ని ఇంకో చోట కూడా చూపించే బైండ్ ఆప్షన్‌తో ఇంకో ఖాళీ ఫోల్డర్‌లో మౌంట్ చేయండి. మామూలు బైండ్ తన కింద ఉన్న వేరే మౌంట్‌లను వెంట తేదు కాబట్టి, ఆ ఫోల్డర్‌లోంచి లోపలికి వెళ్తే కప్పబడిపోయిన ఫైళ్లు కనిపిస్తాయి. అక్కడినుంచి ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) అసలు డిస్క్‌లోకి తెచ్చుకోండి. ముందు డ్రై రన్ ఆప్షన్‌తో (నిజంగా కాపీ చేయకుండా ఏం చేయబోతోందో చూపిస్తుంది) నడిపి చూడండి. ఒకే పేషెంట్ ఐడీతో రెండు చోట్లా ఫైలు ఉంటే ఏది కొత్తదో ఏది పాతదో కంటితో చూసి తేల్చుకోవాలి, దానికి అడ్డదారి లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పూట పేషెంట్ల రిపోర్టులు ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ మీద పడ్డాయి. ఎస్ఎస్‌డీలో ఫైలు తీసేసినంత మాత్రాన లోపలి చిప్‌లో చెరిగిపోయినట్టు కాదు. తరలించాక ఎఫ్ఎస్‌ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లు ఏవో ఎస్ఎస్‌డీకి చెప్పే కమాండ్) నడపండి. అదీ పూర్తి హామీ కాదు గానీ చేయగలిగింది అదే. ఆ ఎస్ఎస్‌డీని ఎప్పుడైనా మార్చాల్సి వస్తే ఎక్స్ఛేంజ్‌కి మాత్రం ఇవ్వకండి.

మళ్లీ ఇది జరగకుండా రెండు నిమిషాల పని ఒకటి ఈ రోజే చేయండి. డిస్క్ మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టండి. ఇమ్యూటబుల్ అయిపోతుంది. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజరే వచ్చినా అందులో ఫైలు సృష్టించలేడు. కానీ దాని మీద డిస్క్‌ని మౌంట్ చేయడానికి అడ్డు రాదు, మౌంట్ అయ్యాక రాతకీ అడ్డు రాదు. అప్పుడు డిస్క్ తెరుచుకోని రోజున స్టాఫ్‌కి సేవ్ కావడం లేదని ఎర్రర్ వస్తుంది, మీకు ఫోన్ వస్తుంది. ఎర్రర్ రావడమే మనకు కావాలి. కింద చెప్పే ఏర్పాటు అంతా తర్వాత తీరిగ్గా చేసినా, ఇది మాత్రం ఆపకండి. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడుతుంటే ఇంకా ముఖ్యం. లేని ఫోల్డర్‌ని డాకర్ తానే సృష్టించుకుని, అడగకుండా అందులో రాసేస్తుంది.

ఇక స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ సంగతి. ఎవరి నుంచి కాపాడుకోవడానికి ఎన్‌క్రిప్ట్ చేశారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. లక్స్ కాపాడేది ఆగిపోయి ఉన్న డిస్క్‌ని. రాత్రి ఎవరో షట్టర్ ఎత్తి సర్వర్ మోసుకుపోయారు, చెడిన డిస్క్ వారంటీకి వెళ్లింది, పాత సర్వర్ సెకండ్ హ్యాండ్‌లో అమ్మేశారు. ఈ మూడింటిలోనూ లక్స్ పనికొస్తుంది. సర్వర్ నడుస్తూ డిస్క్ తెరిచి ఉన్నంతసేపు వైరస్ నుంచి గానీ, రాన్సమ్‌వేర్ నుంచి గానీ, సాంబా పాస్‌వర్డ్ తెలిసిన స్టాఫ్ నుంచి గానీ అది కాపాడదు. ఓఎస్ డిస్క్‌లోనే స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ ఉంటే, సర్వర్ మోసుకుపోయినవాడికి రెండూ కలిపి ఇచ్చినట్టే. బీరువాకి తాళం వేసి తాళంచెవి దాని నెత్తినే పెట్టినట్టు. దానికి తోడు ఎకో కమాండ్‌తో పంపే పాస్‌వర్డ్‌లు హిస్టరీ ఫైల్లో ఉండిపోతాయి, బ్యాకప్‌లోకీ వెళ్లిపోతాయి.

మీవి పేషెంట్ల రికార్డులు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా పరిమితి 250 కోట్ల రూపాయలు. మీ సైజు సెంటర్‌కి అంత వేస్తారని కాదు. కానీ డిస్క్ పోయిన రోజున మేం ఎన్‌క్రిప్ట్ చేశాం అని చెప్పుకోవాలంటే, తాళంచెవి అదే పెట్టెలో ఉండకూడదు.

మీ ప్రశ్న బూట్‌లో దానంతటదే తెరుచుకోవడం గురించి. నా అభిప్రాయం వేరు: బూట్‌లో తెరుచుకోవాల్సిన అవసరమే లేదు. సర్వర్ దానంతటది లేవాలి, నెట్‌వర్క్‌లోకి రావాలి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) పనిచేయాలి. డేటా డిస్క్ మాత్రం మూసే ఉండాలి. మీరు ఎక్కడున్నా ఫోన్ నుంచి లాగిన్ అయి ఒక కమాండ్ ఇస్తే పాస్‌వర్డ్ అడగాలి. అది కొట్టగానే డిస్క్ తెరుచుకుని, ఫైల్ సిస్టమ్ తనిఖీ అయి, మౌంట్ అయి, సాంబా లేవాలి. ఏ మెట్టు దగ్గర ఆగినా పై మెట్టు మొదలు కాకూడదు. ఈ పనికి స్క్రిప్ట్ రాయక్కర్లేదు, లినక్స్‌లో సర్వీసులను లేపి, ఆపే సిస్టమ్‌డీలో అన్నీ ఉన్నాయి. కమాండ్లు అతికించుకోవడానికి వీలుగా ఇవ్వకుండా మాటల్లోనే చెబుతున్నాను. అర్థం చేసుకోకుండా అతికిస్తే రేపు ఆగిన చోట మీరు ఏమీ చేయలేరు.

మొదటి మెట్టు క్రిప్ట్‌ట్యాబ్ ఫైలు, అంటే తాళం వేసిన డిస్క్‌ల జాబితా. ఒక్క లైను, నాలుగు గడులు. తెరిచాక డిస్క్‌కి పెట్టే పేరు, డిస్క్ యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య), కీ ఫైలు గడిలో నన్, చివర ఆప్షన్లలో లక్స్, నోఆటో. మీరు డిస్క్‌ని ఎస్‌డీబీ అని రాశారు, అది మార్చేయండి. ఇంకో డిస్క్ తగిలించిన రోజు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ కావచ్చు. ఇక్కడ పెట్టాల్సింది లక్స్ యూయూఐడీ, లోపలి ఫైల్ సిస్టమ్ యూయూఐడీ కాదు. బీఎల్‌కేఐడీ కమాండ్ రెండూ చూపిస్తుంది, టైపు అన్నచోట క్రిప్టో లక్స్ అని ఉన్నది తీసుకోండి. ఈ రెండూ తారుమారు చేసి, డిస్క్ దొరకడం లేదని తల పట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. పేరులో హైఫన్ పెట్టకండి. సిస్టమ్‌డీ హైఫన్‌ని స్లాష్‌కి గుర్తుగా వాడుకుంటుంది, అందుకని అసలు హైఫన్‌ని వింత కోడ్‌గా మార్చి చూపిస్తుంది. తర్వాత యూనిట్ (సిస్టమ్‌డీ నడిపే సర్వీస్, మౌంట్ లాంటి ఒక్కో అంశం) పేరు టైప్ చేయడం నరకం. ఉదాహరణకి బీరువా అని పెట్టామనుకుందాం.

ఈ లైను చదివి సిస్టమ్‌డీ తనంతట తానే బీరువా పేరుతో ఒక క్రిప్ట్‌సెటప్ సర్వీస్ తయారు చేసుకుంటుంది. మీరు విడిగా సర్వీస్ ఫైలు రాయనక్కర్లేదు. డెబియన్ 13కి మారేవాళ్లు ఒకటి చూసుకోవాలి: అక్కడ ఈ పని చేసే భాగాన్ని సిస్టమ్‌డీ క్రిప్ట్‌సెటప్ అనే వేరే ప్యాకేజీగా విడదీశారు. అది ఇన్‌స్టాల్ కాకపోతే క్రిప్ట్‌ట్యాబ్ ఎంత సరిగ్గా ఉన్నా యూనిట్ కనిపించదు.

రెండో మెట్టు ఎఫ్ఎస్‌ట్యాబ్, అంటే ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు. డివైజ్ గడిలో మ్యాపర్ (తెరిచిన డిస్క్‌లు కనిపించే ఫోల్డర్) కింద ఉండే బీరువా పాత్ ఇవ్వండి. మౌంట్ పాయింట్ ఎస్ఆర్‌వీ కింద స్కాన్స్ అనుకుందాం. టైపు ఈఎక్స్‌టీ4. ఆప్షన్లలో నోఆటో తప్పనిసరి. చివరి అంకె 2 పెడితే మౌంట్‌కి ముందు ఫైల్ సిస్టమ్ తనిఖీ జరుగుతుంది. కరెంటు పోయే చోట ఆ అంకెని సున్నాగా వదిలేయకండి. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఆ అంకె వల్ల ఒరిగేదేమీ లేదు, దాని జర్నల్ మౌంట్ చేసేటప్పుడే సర్దుకుంటుంది. బాగా చెడితే ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్ అనే వేరే పనిముట్టు చేత్తో నడపాలి.

నోఆటో గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, అది గానీ నోఫెయిల్ (దొరకకపోయినా బూట్ ఆపకు అనే ఆప్షన్) గానీ లేకుండా ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డిస్క్ రాస్తే, అది తెరుచుకోకపోతే బూట్ అక్కడే ఆగుతుంది. సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. ఆ స్థితిలో ఎస్ఎస్‌హెచ్ లేవదు. మానిటర్ తగిలించుకుని వెళ్లి సరిచేయాల్సిందే. 

ఇక్కడ ఎవరూ చెప్పని చిన్న ముల్లు ఒకటి ఉంది. సిస్టమ్‌డీ ఏ డివైజ్ కోసమైనా మామూలుగా 90 సెకన్లే ఆగుతుంది. క్రిప్ట్‌ట్యాబ్‌లో నోఆటో లేకపోతే ఆ గడువుని అదే ఎత్తేస్తుంది, నోఆటో పెడితే ఎత్తేయదు. ఫోన్‌లో పెద్ద పాస్‌వర్డ్ కొడుతూ ఒకసారి తప్పు కొట్టారనుకోండి, 90 సెకన్లు ఇట్టే అయిపోతాయి. డిపెండెన్సీ ఫెయిల్డ్ అని వస్తుంది. పాస్‌వర్డ్ సరైనదే కదా, ఇదేమిటి అనుకుంటారు. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఆప్షన్లలో ఎక్స్ సిస్టమ్‌డీ డివైజ్ టైమౌట్ అని ఒకటుంది, దానికి 10 నిమిషాలు ఇవ్వండి.

మూడో మెట్టు సాంబా. మీ సమస్యకి అసలు మందు ఇక్కడే ఉంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఎస్ఎంబీడీ (సాంబా) సర్వీస్‌కి ఒక చిన్న అదనపు ఫైలు తెరిచి, యూనిట్ విభాగంలో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి, స్కాన్స్ ఫోల్డర్ పాత్ ఇవ్వండి. దీంతో సాంబా లేవాలంటే ముందు ఆ మౌంట్ ఉండి తీరాలి. మౌంట్‌కి మ్యాపర్ డివైజ్ కావాలి, డివైజ్‌కి క్రిప్ట్‌సెటప్ సర్వీస్ కావాలి. మొత్తం గొలుసు దానంతటదే ముడిపడుతుంది. సిస్టమ్‌సీటీఎల్‌తో మౌంట్‌ని ఆపితే సాంబా కూడా ముందే ఆగుతుంది. ఎవరైనా చేత్తో నేరుగా యూమౌంట్ కొట్టినా సాంబా ఆగాలంటే, అదే విభాగంలో బైండ్స్‌టు అని ఇంకో లైను పెట్టి మౌంట్ యూనిట్ పేరు ఇవ్వండి. ఆ పేరు పాత్‌లోని స్లాష్‌ల స్థానంలో హైఫన్‌లతో ఉంటుంది, అనుమానం ఉంటే సిస్టమ్‌డీ ఎస్కేప్ కమాండ్‌ని అడగండి. ఈ ఫైళ్లలో ఏది చేత్తో మార్చినా డెమన్ రీలోడ్ చేయడం మరిచిపోవద్దు. అది చేసేదాకా సిస్టమ్‌డీ పాత లైన్లనే పట్టుకుని ఉంటుంది.

వెంటనే సాంబాని బూట్ నుంచి డిజేబుల్ చేయాలి. ఇది వదిలేసి, నోఆటో పెట్టినా బూట్‌లో పాస్‌వర్డ్ అడుగుతోందేమిటని చాలామంది అడుగుతుంటారు. నోఆటో అంటే ఎవరూ అడగకపోతే తెరవకు అని. సాంబా బూట్‌లో లేస్తూ నాకు ఆ మౌంట్ కావాలి అని అడిగితే, నోఆటో ఉన్నా సిస్టమ్‌డీ తెరవడానికే చూస్తుంది. మానిటర్ లేని కన్సోల్ మీద పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

డిజేబుల్ చేశాక అన్నిటినీ కలిపి లేపడానికి మీ సొంత టార్గెట్ ఒకటి రాసుకోండి. నాలుగైదు లైన్ల ఫైలు. ఒక వివరణ, వాంట్స్ అన్నచోట సాంబా, రాత్రి బ్యాకప్ టైమర్, అల్ట్రాసౌండ్ మెషిన్ నుంచి ఫైళ్లు అందుకునే సర్వీస్ ఉంటే అది. పేరు తెరువు అని పెడితే, ఇకపై మీ పని ఎస్ఎస్‌హెచ్‌లోకి వెళ్లి సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ తెరువు టార్గెట్ అనడమే. అదే టెర్మినల్‌లో పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడితే మిగతాది అదే చూసుకుంటుంది. ఆ ఫోల్డర్‌ని ముట్టుకునే ప్రతి సర్వీస్‌కీ రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ లైను ఉండాలి. సాంబాకి పెట్టి బ్యాకప్‌కి పెట్టకపోతే, ఖాళీ ఫోల్డర్‌ని బ్యాకప్ తీసి, నిన్నటి మంచి కాపీలో ఉన్నవన్నీ తీసేసే ప్రమాదం ఉంది. ఆర్‌సింక్‌కి డిలీట్ ఆప్షన్ పెట్టినవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఫోన్ నుంచి చేయాలంటే ఎస్ఎస్‌హెచ్ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. వైర్‌గార్డ్ (వీపీఎన్) పెట్టుకుని దాని గుండా రండి. సెంటర్‌లో ఇంకొకరికి కూడా ఈ పని అప్పగించాలి. దానికి సుడోలో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే ఏర్పాటు) ఈ ఒక్క కమాండ్‌కి మాత్రమే అనుమతి ఉన్న యూజర్ చాలు. ఇంకొకరు ఎందుకంటే, మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి మీకే బాగా తెలుసు: కొండ మీద దర్శనం క్యూలోకి వెళ్లాలంటే ఫోన్ డిపాజిట్ చేయాల్సిందే. డాక్టరుగారు సర్వదర్శనంలో ఉన్నప్పుడే కింద కరెంటు పోతుంది.

ఇద్దరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వకండి. లక్స్ 2లో 32 కీ స్లాట్ల (ఒక్కో పాస్‌వర్డ్‌కి ఒక్కో గడి) వరకు ఉంటాయి, పాత లక్స్ 1లో 8 ఉండేవి. ఒక్కొక్కరికి ఒక్కో స్లాట్‌లో వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజు ఆ స్లాట్ తీసేస్తే చాలు, డిస్క్ మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు. ఎవరూ వాడని మూడో పాస్‌వర్డ్ ఒకటి కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి బ్యాంకు లాకర్‌లో ఉంచండి.

హెడర్ బ్యాకప్ గురించి మీరు అడగలేదు. అడగనివాళ్లే ఎక్కువ. మీరు కొట్టే పాస్‌వర్డ్‌తో డేటా నేరుగా ఎన్‌క్రిప్ట్ కాదు. డేటాకి వేరే మాస్టర్ కీ ఉంటుంది, దాన్ని మీ పాస్‌వర్డ్‌తో మూసి డిస్క్ మొదట్లో ఉండే హెడర్‌లో దాస్తారు. లక్స్ 2లో ఆ హెడర్ మామూలుగా 16 ఎంబీ. ఆ కాస్త చోటు చెడితే, పాస్‌వర్డ్ గుర్తున్నా 4 టీబీలో ఒక్క ఫైలు కూడా వెనక్కి రాదు. వివరాల పట్టిక రెండు కాపీలు ఉంటుంది గానీ, కీలు ఉండే చోటుకి రెండో కాపీ ఉండదు. కొత్త డిస్క్ అనుకుని విండోస్ ఇనీషియలైజ్ చేయమంటే ఎవరో ఓకే నొక్కడం, పార్టిషన్ చేసే పనిముట్టు తప్పు డిస్క్ మీద నడవడం, ఇలాంటివే హెడర్‌ని చంపేవి. క్రిప్ట్‌సెటప్‌లో హెడర్ బ్యాకప్ కమాండ్ ఉంది. ఒక ఫైలు వస్తుంది, సర్వర్ బయట రెండు చోట్ల పెట్టండి. ఒక మెలిక ఉంది. బ్యాకప్ తీసినప్పుడు ఏ పాస్‌వర్డ్‌లు పనిచేసేవో, ఆ హెడర్ ఫైలుతో అవి ఎప్పటికీ పనిచేస్తాయి. కాబట్టి ఎవరిదైనా స్లాట్ తీసేసినప్పుడు కొత్త హెడర్ బ్యాకప్ తీసి, పాతవి నాశనం చేయాలి.

ఇంత చెప్పినా, మేం ఎవరం కొట్టలేం, దానంతటదే తెరుచుకోవాలి అంటే దారులు లేకపోలేదు. ఒక్కొక్కటి దేని నుంచి కాపాడుతుందో తెలుసుకుని ఎంచుకోండి.

ఓఎస్ డిస్క్‌లోనే కీ ఫైలు పెట్టడం. స్క్రిప్ట్ కన్నా శుభ్రం, కానీ సర్వర్ మొత్తం పోతే ప్రయోజనం సున్నా. డేటా డిస్క్ ఒక్కటే వారంటీకి వెళ్లేటప్పుడు మాత్రం పనికొస్తుంది. కీ ఫైలుని ఎడిటర్‌లో టైప్ చేసి సేవ్ చేయకండి, చివర కనిపించని కొత్త లైను అక్షరం చేరుతుంది. కీబోర్డ్‌తో కొడితే తెరుచుకునే పాస్‌వర్డ్ ఫైలు నుంచి తెరుచుకోకపోవడానికి నూటికి తొంభై పాళ్లు అదే కారణం. యాదృచ్ఛిక బైట్లతో ఫైలు తయారు చేసి దాన్ని కొత్త స్లాట్‌గా చేర్చడం సరైన పద్ధతి.

టీపీఎం చిప్, అంటే మదర్‌బోర్డ్‌లో కీలు దాచే చిప్. 2021లో వచ్చిన సిస్టమ్‌డీ 248 నుంచి సిస్టమ్‌డీ క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే కమాండ్‌తో ఇది తేలికైంది. డిస్క్ విడిగా వేరే మెషిన్‌లో పెడితే తెరుచుకోదు. కానీ మీ ఓఎస్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాలేదు. మెషిన్ మొత్తం ఎత్తుకుపోయినవాడు ఓఎస్‌లో మార్పులు చేసుకుని, అదే చిప్‌తో బూట్ చేసుకుంటే తెరుచుకుంటుంది. కాబట్టి మీ ఏర్పాటులో టీపీఎం అంటే కీ ఫైలుకి కొంచెం ఖరీదైన రూపమే. మదర్‌బోర్డ్ పోతే చిప్‌లో ఉన్నదీ పోతుంది, పాస్‌వర్డ్ స్లాట్ ఉంచుకోవాల్సిందే.

నాకు నచ్చేది టాంగ్, క్లెవిస్ జంట. టాంగ్ ఒక చిన్న సర్వర్, దాన్ని వేరే చోట పెడతారు. మీ సర్వర్‌లో ఉండే క్లెవిస్ బూట్ అయ్యాక దాన్ని సంప్రదించి కీ లెక్కకట్టుకుంటుంది. అసలు కీ నెట్‌వర్క్ మీద ప్రయాణించదు, టాంగ్‌కి కూడా ఆ కీ తెలియదు. మీకు చిత్తూరులో రెండో బ్రాంచి ఉందన్నారు కదా. అక్కడ పాత చిన్న పీసీ మీద టాంగ్ పెట్టి, వైర్‌గార్డ్ గుండా మాత్రమే దొరికేలా చేయండి. సర్వర్ ఎత్తుకుపోయారని తెలిసిన వెంటనే చిత్తూరులో ఆ సర్వర్ వైర్‌గార్డ్ కీ తీసేస్తే, దొంగ ఇంట్లో అది తెరుచుకోదు. ఆ వెంటనే అన్నదే దీని బలహీనత: మీకు తెలిసేలోపు వాడు ఇంటర్నెట్ తగిలించి ఆన్ చేస్తే తెరుచుకుంటుంది. అందుకే నేనైతే వైర్‌గార్డ్‌ని సర్వర్‌లో కాకుండా సెంటర్ రూటర్‌లో పెడతాను. రూటర్‌ని కూడా వేరే గదిలో, పైన ఎక్కడో బిగిస్తాను. ఈ దారిలో వెళ్తే క్రిప్ట్‌ట్యాబ్, ఎఫ్ఎస్‌ట్యాబ్ రెండింటిలోనూ నోఆటో తీసి, నెట్‌డెవ్, నోఫెయిల్ పెట్టాలి. క్లెవిస్ లక్స్ ఆస్క్‌పాస్ పాత్ యూనిట్‌ని ఎనేబుల్ చేయాలి. సాంబాని మళ్లీ బూట్‌లో ఎనేబుల్ చేయొచ్చు. చిత్తూరు లింకు లేని రోజున పాస్‌వర్డ్ కొట్టే పాత దారి ఎలాగూ ఉంటుంది.

రూట్ డిస్క్ కూడా ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్ల కోసం, బూట్ మొదట్లోనే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేపే డ్రాప్‌బేర్ ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ ప్యాకేజీ ఉంది. మీకు ప్రస్తుతం అక్కర్లేదు.

కరెంటు వైపు కూడా కాస్త చూడండి. బయోస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. చాలా ఇళ్లలో, షాపుల్లో ఉండే ఇన్వర్టర్ మారే క్షణంలో సర్వర్ రీస్టార్ట్ అయిపోతుంది, కాబట్టి మధ్యలో చిన్న యూపీఎస్ ఉండాలి. యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ తీసుకుంటే నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్ శుభ్రంగా షట్‌డౌన్ అవుతుంది. నవంబరు వానల్లో దీని విలువ తెలుస్తుంది. సర్వర్ లేచి తాళంతో ఎదురుచూస్తోందని టెలిగ్రామ్‌లో మెసేజ్ పంపే చిన్న సర్వీస్ ఒకటి పెట్టుకుంటే, స్టాఫ్ ఫోన్ చేసేలోపే మీకు తెలుస్తుంది.

ఇదంతా పెట్టాక సెంటర్ మూసి ఉండే ఆదివారం మధ్యాహ్నం పరీక్షించండి. రీబూట్ చేసి ఏమీ కొట్టకుండా వదిలేయండి. ఎస్ఎస్‌హెచ్ రావాలి, సాంబా రాకూడదు, స్కాన్స్ ఫోల్డర్‌లో ఫైలు పెట్టబోతే ఒప్పుకోకూడదు. తర్వాత టార్గెట్ స్టార్ట్ చేసి కావాలనే ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి, తర్వాత సరైనది కొట్టండి. ఎల్ఎస్‌బీఎల్‌కే చెట్టులో డిస్క్ కింద బీరువా, దాని పక్కన మౌంట్ పాయింట్ కనిపించాలి. ఆపి చూడటం కూడా ముఖ్యమే: ముందు సాంబా, తర్వాత మౌంట్, ఆఖరున క్రిప్ట్‌సెటప్ సర్వీస్. మౌంట్ ఆపినంత మాత్రాన డిస్క్‌కి తాళం పడదు, మూడోది ఆపితేనే కీ మెమరీ నుంచి పోతుంది. బిజీ అని మొరాయిస్తే ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్ చెబుతుంది, చాలాసార్లు అది మీరే ఇంకో టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లో నిలబడి ఉండటం.

చివర్లో అడిగారు, ఎన్‌క్రిప్షన్ వల్ల స్లో అవుతుందా అని. మీ ప్రాసెసర్‌లో ఏఈఎస్ (లక్స్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) సూచనలు ఉంటే తేడా తెలియదు. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ నడపండి, ఏఈఎస్ ఎక్స్‌టీఎస్ లైనులో సెకనుకి వందల ఎంబీల నుంచి వేల ఎంబీల దాకా కనిపిస్తుంది. మీ గిగాబిట్ నెట్‌వర్క్ దాటించగలిగింది సెకనుకి 110 ఎంబీ చుట్టుపక్కల, అడ్డం పడేది అదే. తెరిచేటప్పుడు పట్టే ఒకటి రెండు సెకన్లు కావాలని పెట్టినవి, పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టేవాడిని నెమ్మది చేయడానికి. ఆ లెక్కకి 1 జీబీ దాకా మెమరీ కూడా వాడుతుంది. కాబట్టి ఎప్పుడైనా డిస్క్ ఊడదీసి 1 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్‌లో తెరవబోతే, పాస్‌వర్డ్ సరైనదైనా మెమరీ చాలదని ఆగిపోవచ్చు. డిస్క్ చెడిందని అప్పుడు కంగారు పడకండి, ఎక్కువ ర్యామ్ ఉన్నదాంట్లో పెట్టి చూడండి.